చంద్రమండలం నుంచి తిరిగొచ్చిన లెక్కల అయ్యవారు

సైన్సు కథలు రాసే పిల్లలు కొందరు ఈ మధ్య నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. ఈ ముసలాయన ఒకప్పుడు రాకెట్ నాటకం రాశాడని వాళ్ళకెవరో చెప్పారట. తెచ్చినవన్నీ ఓపిగ్గా చదువుతాను. బాగానే రాస్తున్నారు, కాదనను. కానీ ఒక్క సంగతి దగ్గర నాకు ఒళ్ళు మండుతుంది. ప్రపంచాన్ని పేల్చేయాలని చూసే దుర్మార్గుడికి ఏ కథలోనైనా ఒక కన్ను ఉండదు, లేదా ఒక కాలు ఉండదు, అవి రెండూ ఉంటే మతి ఉండదు. ఎందుకు నాయనా అని అడిగితే, అట్లయితేనే పాఠకుడికి భయమేస్తుంది కదా తాతా అంటారు. అప్పుడు నా కోపం సగం చల్లారుతుంది. ఎందుకంటే ఆ జవాబు ఒకప్పుడు నేనూ సబబే అనుకున్నది. దాని వల్ల ఒక మనిషి పాఠం చెప్పే తరగతి పోబోయింది. ఆ కథ చెప్తాను, వినండి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండు మూడేళ్ళయిన రోజులవి. జమ్మలమడుగు హైస్కూల్లో నేను సైన్సు అయ్యవారిని. రష్యావాళ్ళు ఆకాశంలోకి కుక్కను పంపారని పేపర్లో చదివినప్పటి నుంచి ఊళ్ళో అందరికీ తల పైకెత్తి నడిచే జబ్బు పట్టింది. ఏటా ప్రొద్దుటూరులో అయ్యవార్ల నాటక పోటీలు జరిగేవి. పిల్లలు కాదు, అయ్యవార్లే వేషాలు కట్టాలి. అందరూ పౌరాణికాలే వేసేవాళ్ళు. ఈ ఏడు మనం చంద్రమండలానికి పోదాం అన్నాను. హెడ్మాస్టరు ముచ్చటపడి సరేనన్నాడు.

డ్రాయింగు అయ్యవారు వెదురు బద్దలు, ఈత చాపలు, సిగరెట్ పెట్టెల వెండి కాగితాలతో రాకెట్ చేశాడు. తెలుగు పండితులవారు చంద్రలోక మహారాజు. మా డ్రిల్లు అయ్యవారు విలను, అంటే చంద్రుడి మీది నుంచి భూమిని పేల్చేయాలనుకునే పిచ్చి శాస్త్రజ్ఞుడు. వేషాల కోసం ప్రొద్దుటూరు పోయి డ్రెస్సులు బాడుగకిచ్చే అంగడిలో అడిగితే, చంద్రలోకం వాళ్ళవి లేవు, యముడిది తీసుకుపొమ్మన్నాడు. అట్లా పండితులవారికి గద, మీసాలు వచ్చాయి. విలన్‌కు ఏం కావాలో మాత్రం ఆ అంగడాయన నన్ను అడగనే లేదు. కంటికి కట్టే నల్లగుడ్డ, ఒక చంకకర్ర తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"దుర్మార్గునికి ఒగ కుంటికాలన్నా పెట్టకపోతే యెనక కూచున్నోళ్ళు ఎట్ల పోల్చుకుంటారప్పా?" అన్నాడు.

నాకు సబబుగానే తోచింది. తెచ్చేసుకున్నాను.

కన్ను, కాలు సరే. పిచ్చి ఎట్లా చూపించాలి? ఇక్కడ నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు. మా లెక్కల అయ్యవారికి అంతకు ముందటేడు మనసు చెడింది. నిద్ర పోయింది. వెనక ఎవరో నడుస్తున్నారని నడిరోడ్డు మీద ఆగి ఆగి చూసేవాడు. ఇంటివాళ్ళు మద్రాసు తీసుకుపోయి ఆసుపత్రిలో చూపించారు. ఎనిమిది నెలలకు తిరిగొచ్చి మళ్ళీ ఎస్సెల్సీ పిల్లలకు, అంటే బడి ఆఖరి తరగతికి, లెక్కలు చెప్తున్నాడు. పులివెందుల మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద, మా జమ్మలమడుగు తాలూకాలో ఆయనంత బాగా లెక్కలు చెప్పేవాడు లేడు. ఆయనకొక అలవాటుంది. ఆలోచించేటప్పుడు కుడిచేతి చూపుడువేలితో గాలిలో అంకెలు రాసుకుంటాడు, తప్పయితే అరచేత్తో గాలిని తుడుస్తాడు. జబ్బుకు ముందు నుంచీ ఉన్న అలవాటే. నేను దాన్ని ఎత్తి నా విలన్‌కు పెట్టేశాను. కుళ్ళుతో కాదు, ఎగతాళికీ కాదు. చేతికందిన వస్తువు వాడుకున్నానంతే. అది ఇంకా పెద్ద తప్పని ఇప్పుడు అనిపిస్తుంది.

పోటీకి ముందు మా స్కూలు వార్షికోత్సవంలో ఒకసారి ఆడి చూద్దామనుకున్నాం. డ్రిల్లు అయ్యవారు ఒంటికన్నుతో, చంకకర్రతో, గాలిలో లెక్కలు వేస్తూ రాగానే పిల్లలు విరగబడి నవ్వారు. రాకెట్ మనుషుల్లో ఒకడి చేత "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నాడట" అనిపించాను. ఆ సామెతకు చప్పట్లు ఆగలేదు. మూడో వరసలో కూర్చున్న లెక్కల అయ్యవారు కూడా నవ్వుతున్నట్టే కనబడ్డాడు. నాటకం కాగానే ఆయన చెప్పకుండా వెళ్ళిపోయాడు.

ఆ రోజు నాతో మాట్లాడినవాడు ఒక్కడే, గంట కొట్టే మా బంట్రోతు. చిన్నప్పుడే ఒక కాలు చచ్చుబడిన మనిషి. కుర్చీలు సర్దుతూ తాపీగా అడిగాడు.

"అయ్యా, ఆ కుంటాయప్ప రాకెట్టు నిచ్చెన అంత బిరబిరా ఎట్ల ఎక్కినాడు? నాకు గంట కాడి మూడు మెట్లకే సగం పానం పోతాది."

నాటకం కదప్పా అన్నాను. అవునులే సామీ అని కుర్చీలు ఎత్తుకుపోయాడు.

వారం తిరక్కుండా పిల్లలు లెక్కల అయ్యవారిని చంద్రలోకం పిచ్చోడు అనడం మొదలుపెట్టారు. ఆయన ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచే కొందరు పెద్దమనుషులకు లోపల్లోపల గుబులు ఉండేది, నోరు తెరిచి ఏమనాలో తెలిసేది కాదు. నా నాటకం వాళ్ళకు మాటలిచ్చింది. ముగ్గురు కలిసి హెడ్మాస్టరుకు అర్జీ ఇచ్చారు, ఎస్సెల్సీ పిల్లలను ఇట్లాంటి మనిషి చేతిలో పెట్టరాదని. హెడ్మాస్టరు చెడ్డవాడు కాదు, పిరికివాడు. లెక్కల అయ్యవారిని క్లాసు నుంచి తప్పించి ఆఫీసు గదిలో మార్కుల రిజిస్టర్లకు గీతలు కొట్టే పని అప్పజెప్పాడు. ప్రొద్దుటూరు పోటీలకు జిల్లా ఆఫీసరు వస్తాడు, అర్జీ అప్పుడు ఆయన చేతిలో పెడతాను, ఆయన ఏమంటే అది అన్నాడు. ఆఫీసరు ఏమంటాడో మాకందరికీ తెలుసు. క్లాసుకు పనికిరాడని ఒకసారి కాగితం మీద పడితే ఆ అయ్యవారిని ఇంకే స్కూలూ తీసుకోదు.

అంత జరిగినా నా నాటకం వల్లే అని నాకు తట్టలేదంటే నమ్మండి. ఒక ఆదివారం లెక్కల అయ్యవారి ఇల్లాలు మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గడప దగ్గర నిలబడే చెప్పింది.

"ఆయన ఇంట్లో గూడా చెయ్యి బైటికి తీయడం లేదు నాయనా. చంకలో పెట్టుకొని కూచుంటాండాడు. జబ్బులో గూడా ఆ రాసేది నిలపలేదు. ఇప్పుడు నిలిపేసినాడు."

తిట్టలేదు, ఏడవలేదు. ఆ మాట చెప్పి వెళ్ళిపోయింది. నేను ఆ పూట అన్నం తినలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయానని ఊరికే అంటుంటారు, ఆ రోజు నాకు దాని అర్థం తెలిసింది.

మర్నాడు ఆఫీసు గదికి పోయాను. ఆయన స్కేలు పెట్టి గీతలు కొడుతున్నాడు. ఎడమచేత్తో కొడుతున్నాడు. కుడిచెయ్యి నిజంగానే చంకలో ఉంది. తప్పు నాదేనని, ఆ అలవాటు మీదేనని, తెలిసే రాశానని చెప్పేశాను. నాటకం మానుకుంటానన్నాను. ఆయన స్కేలు పక్కన పెట్టాడు.

"మానుకుంటే చూసినోళ్ళు మర్చిపోతారా? ఇంగొకటి రాయి. రాసి నాకు చూపీ" అన్నాడు.

వారం రోజులు కూర్చుని మార్చాను. కుంటికాలు, గుడ్డికన్ను తీసేశాను. శాస్త్రజ్ఞుడు ఇప్పుడు మంచివాడు, మతి మాత్రం చెడింది. చంద్రలోక మహారాజు ఆయన్ను ఒక వెలుగుల యంత్రం కింద కూర్చోబెట్టి స్విచ్చి వేస్తాడు, వెంటనే మతి కుదురుతుంది, అందరూ జేజేలు కొడతారు. ఆయన ఎర్ర పెన్సిలు తీసుకుని పరీక్ష పేపరు దిద్దినట్టు చదివాడు. చివర సున్నా చుట్టాడు.

"నీ మిషను కింద కూచోబెట్టి నన్ను నీ మాదిరి చేసినావు. అట్ల ఒగ స్విచ్చికి పొయ్యే జబ్బు కాదప్పా ఇది. పోకపోయినా నేను లెక్కలు చెప్తాను. పోయినంక చెప్పు అంటే ఎట్ల?"

మళ్ళీ రాశాను. ఈసారి నా ప్రతిభంతా పెట్టాను. రాకెట్‌లో బరువెక్కువై అందరూ చావబోతుంటే, మతిచెడ్డ శాస్త్రజ్ఞుడు తలుపు తెరుచుకుని దూకేస్తాడు. మిగతావాళ్ళు భూమికి చేరి ఆయన పేరు తలుచుకుని ఏడుస్తారు. రాస్తూ నేనే ఏడ్చాను. ఆయన చదివి కళ్ళు తుడుచుకున్నాడు. హమ్మయ్య అనుకున్నాను.

"శానా బాగుంది. నాకూ ఏడుపొచ్చింది. అయితే నన్ను సంపితే గానీ మంచోన్ని చేసేదానికి నీకు చేతగాలేదా?" అన్నాడు.

నాకు రోషం వచ్చింది. మరి ఏం రాయమంటారు, మీరే చెప్పండి అని గట్టిగానే అడిగాను. ఆయన ఎర్ర పెన్సిలు బల్ల మీద పెట్టి కిటికీలోంచి చూస్తూ చెప్పాడు.

"ఆయప్పను ఇంటికి తీసకరా. పొద్దున లేసి బడికి పోనీ. అంతే."

దానిలో నాటకం ఏముంది అనిపించింది నాకు. రాయడం మొదలుపెట్టాక తెలిసింది, అంతకంటే కష్టమైన నాటకం లేదని. కొత్తదాంట్లో రాకెట్‌లో ముగ్గురు పోతారు. వాళ్ళలో లెక్కలాయనకు అప్పుడప్పుడు వెనక ఎవరో ఉన్నారని భయం పుడుతుంది. ఆ సంగతి మిగతా ఇద్దరికీ తెలుసు. భయం వచ్చినప్పుడు కాసిన్ని నీళ్ళిచ్చి, నెమ్మదిగా కూర్చో, లెక్క పొద్దున చేద్దాం అంటారు. అంతరిక్షంలో పొద్దునెక్కడిది అంటాడాయన. ఆ మాట లెక్కల అయ్యవారే చేర్చాడు. భయం తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది, ఆయన మాత్రం తన పని తాను చేస్తాడు. చివర్లో ఇల్లు చేరే లెక్క ఆయనే కడతాడు. గాలిలో రాసే అలవాటు తీసేద్దామా అని అడిగాను. ఉండనీ, అది నాదే కదా అన్నాడు. ప్రాంప్టరుగా తెర వెనక నుంచి మాటలు అందించడానికి కూడా ఒప్పుకున్నాడు. స్టేజీ మీదికి రాకుంటే చాలు అన్నాడు హెడ్మాస్టరు.

పోటీ రోజు పొద్దున్నే బస్సు మీద రాకెట్ కట్టుకుని ప్రొద్దుటూరు బయల్దేరాం. ఇది బస్సు కంటే ముందు పోతే నాకు చెప్పండని డ్రైవరు వేళాకోళం. దారిలో గతుకులకు రాకెట్ తోక ఊడింది. డ్రాయింగు అయ్యవారు దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఊరు చేరేదాకా వెండి కాగితాలు సర్దుతూనే ఉన్నాడు. లెక్కల అయ్యవారు మాత్రం కిటికీ పక్కన, చెయ్యి చంకలోనే, బయటికి చూస్తూ కూర్చున్నాడు. ముందు సీట్లో హెడ్మాస్టరు. ఆయన కోటు జేబులో మడతపెట్టిన అర్జీ అంచు కనబడుతోంది. నా కళ్ళు దాని మీదే ఉన్నాయి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా నాటకం. హాలు నిండింది. ప్రొద్దుటూరు జనానికి నాటకమంటే ప్రాణం, నచ్చకపోతే లేచిపొమ్మని చెప్పడానికీ మొహమాటపడరు. ముందు వరసలో పేము కుర్చీలో ఆఫీసరు, పక్కన మా హెడ్మాస్టరు. వెనక అర్జీ ఇచ్చిన ముగ్గురూ పనిగట్టుకుని వచ్చి కూర్చున్నారు.

పండితులవారు చంద్రుడి మీద యముడి గద పట్టుకుని పద్యం ఎత్తుకున్నారు. చంద్రుడి మీద గాలి లేదు, గాలి లేనిచోట గొంతు వినబడదు, సైన్సు అయ్యవారిగా నాకు తల కొట్టేసినట్టయింది. జనం వన్స్ మోర్ అన్నారు. మా వైపు వన్స్ మోర్ అంటే ఆజ్ఞే, కాదని కథ ముందుకు నడపరాదు. ఆయన మళ్ళీ పాడారు. ఆఫీసరు కూడా తాళం వేశాడు.

తర్వాత అసలు ఘట్టం. రాకెట్‌లో నల్లబల్ల. చంద్రుడి నుంచి ఇంటికి రెండు లక్షల నలభై వేల మైళ్ళు. రాకెట్ గంటకు అయిదువేల మైళ్ళు పోతుంది. పీల్చడానికి గాలి యాభై గంటలకే ఉంది. చేరతామా, చేరమా? లెక్కలాయన వేషం కట్టిన డ్రిల్లు అయ్యవారు పదిరోజులు ఈ లెక్క బట్టీ పట్టాడు. సుద్దముక్క తీసుకుని దూరం సరిగ్గానే వేశాడు. వేగం దగ్గర ఒక సున్నా మింగేశాడు. అయిదువేలకు అయిదువందలని రాసి, నిజాయితీగా భాగించి, నాలుగువందల ఎనభై గంటలని తేల్చాడు. అంటే ఇరవై రోజులు. చేతిలో గాలి రెండు రోజులది. అందరమూ చచ్చినట్టే.

తను చెప్పాల్సింది, ఇల్లు చేరతాం అని. బల్ల మీద ఉన్నది వేరే. ఆయన నోరు తెరిచి అట్లాగే నిలబడిపోయాడు. తెర వెనక నుంచి వేగం చూడు, వేగం చూడు అని లెక్కల అయ్యవారు అందిస్తున్నాడు. డ్రిల్లు అయ్యవారికి చెమటలు పోస్తున్నాయి గానీ ఒక్కటీ బుర్రకెక్కడం లేదు. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. వెనక నుంచి ఎవరో ఈల వేశారు. నేను ఈ పక్క తెర చాటున నిలబడి ఉన్నాను.

అప్పుడు లెక్కల అయ్యవారు బయటికి నడిచాడు. పంచె, నల్లకోటు, ఎడమచేతిలో నాటకం కాగితాలు. వేషం లేదు, రంగు లేదు. హెడ్మాస్టరు కుర్చీలోంచి సగం లేచాడు. అయ్యవారు నేరుగా బల్ల దగ్గరికి పోయి, సుద్దముక్క తీసుకుని, అయిదువందల పక్కన ఒక సున్నా పెట్టి జనం వైపు తిరిగాడు.

"చూడండప్పా, ఈడ ఒగ సున్నా పోయింది. అందుకే సచ్చిపోతామనుకుంటాండాం. ఇప్పుడు చెప్పండి. రెండు లచ్చల నలభైవేలను అయిదువేలతో భాగిస్తే ఎంత?"

హాలంతా పెదవులు కదిలిస్తోంది. వాళ్ళు లెక్కపెట్టేలోగా ఆయన చూపుడువేలు తనంతట తాను లేచింది. గాలిలో అంకెలు వేసింది, అరచెయ్యి గాలిని తుడిచింది. చంకలోంచి ఆ చెయ్యి ఎప్పుడు బయటికి వచ్చిందో నేను చూడలేదు. ఒక్కరూ నవ్వలేదు. అందరి కళ్ళూ ఆ వేలి మీదే ఉన్నాయి. వెనక వరసల్లో పత్తి వ్యాపారులు కూర్చున్నారు, నోటిలెక్కలో వాళ్ళను మించినవాళ్ళు లేరు. నలభై ఎనిమిది అని ముగ్గురు నలుగురు ఒక్కసారే కేకేశారు.

డ్రిల్లు అయ్యవారు ఎంత మంచివాడో నాకు ఆ క్షణంలో తెలిసింది. స్క్రిప్టులో లేని మాట మెల్లగా అడిగాడు.

"అయితే ఇంటికి పోతామా అయ్యవారూ?"

"పోతాం. రెండు గంటల గాలి మిగుల్తాది" అన్నాడాయన.

ఇక చప్పట్లు చెప్పనలవి కాదు. పండితుల పద్యానికి వచ్చినదానికి రెండింతలు. ఆ మోతలోంచి ఎవరో వన్స్ మోర్ అన్నారు, ఇక హాలంతా అందుకుంది. భాగహారానికి వన్స్ మోర్ వేయడం ప్రొద్దుటూరులో అదే మొదలు, అదే ఆఖరు అయ్యుంటుంది. ఆయన నవ్వి, బల్లంతా తుడిచి, లెక్క మొదటి నుంచి మళ్ళీ చేశాడు. నేను తెరచాటున వెక్కివెక్కి ఏడ్చాను, దాచుకోవాల్సిన పని లేదు కాబట్టి చెప్తున్నా.

తెర పడ్డాక ఆఫీసరు హెడ్మాస్టరు వైపు తిరిగి, ఈయన ఏ క్లాసుకు చెప్తారండీ అని అడిగాడు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. హెడ్మాస్టరు చెయ్యి జేబు మీదికి పోయింది. అర్జీ అంచు వేళ్ళకు తగిలింది. ఆ చెయ్యి అక్కడే ఆగింది.

"ఎస్సెల్సీకి సార్. మా స్కూల్లో ఎస్సెల్సీ లెక్కలు ఆయనే" అన్నాడు.

పిరికివాడు చెప్పిన ఆ ఒక్క అబద్ధాన్ని నేను జన్మలో మరవను. సోమవారం దాన్ని నిజం చేయక ఆయనకు తప్పలేదు. అర్జీ ఇచ్చినవాళ్ళలో ఒకాయన బయట లెక్కల అయ్యవారిని ఆపి, మావాడికి బీజగణితం కొంచెం గట్టిగా చెప్పండని నసిగి పోయాడు. మాకు రెండో బహుమతే వచ్చింది. ప్రాంప్టరు స్టేజీ మీదికి రావడం నిబంధనలకు విరుద్ధమట. పోనీ.

తిరుగు బస్సులో నేను ఆయన పక్కన కూర్చుని, గెలిచినాం అయ్యవారూ అన్నాను. ఆయన నా భుజం తట్టాడు. ఆయనకూ సంతోషంగానే ఉంది, మొహంలో తెలుస్తోంది. కాసేపయ్యాక అడిగాడు.

"సున్నా మింగింది డ్రిల్లు అయ్యవారు గదా. ఆయప్పను ఎవరన్నా పిచ్చోడన్నారా?"

లేదన్నాను.

"అదే నేను మింగింటే?"

ఆయన నన్ను బాధపెట్టడానికి అడగలేదు, లెక్క సరిచూసుకున్నాడంతే. సోమవారం మా బంట్రోతు గంట కొట్టి, మూడు మెట్లూ దిగి, ఎస్సెల్సీ గది తలుపు తనే తీసి పట్టుకున్నాడు. అయ్యవారు లోపలికి పోయి మొదటి లెక్కలోనే కావాలని ఒక సున్నా వదిలేశాడట. ఎవరో పిల్లవాడు భయపడుతూ లేచి, సార్ సున్నా పోయింది అంటే, భేష్, నేనూ పోగొడతాను, మీరు చూస్తాండండి అన్నాడట.

చాలా ఏళ్ళకు నేను పులివెందుల హైస్కూలుకు హెడ్మాస్టరునయ్యాను. అప్పటికి ఆయన సొంత ఊరికి బదిలీ అయి అక్కడే పనిచేస్తున్నాడు, ఇంకో రెండేళ్ళలో రిటైరు. ఒక రోజు నా బల్ల మీద ఆయన సెలవు చీటీ ఉంది. ఆ రోజుల్లో మనసుకు జబ్బు చేస్తే అందరూ జ్వరమని రాసేవాళ్ళు, లేకుంటే కడుపునొప్పి. ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: కారణం, మనసు బాగాలేదు. కావలసిన సెలవు, రెండు నెలలు. తిరిగి వచ్చి నా తరగతి తీసుకుంటాను.

సంతకం పెట్టాను. ఎస్సెల్సీ లెక్కల పీరియడు ఇంకెవరి పేరునా మార్చలేదు, రెండు నెలలూ నేనే పోయి చెప్పాను. అందులో రెండుసార్లు సున్నాలు మింగాను కూడా.

సరిగ్గా అరవై ఒకటో రోజు పొద్దున వరండాలో నిలబడి ఉన్నాను. గేటులోంచి ఆయన వస్తున్నాడు. పంచె, నల్లకోటు, కొంచెం చిక్కాడు. కుడిచెయ్యి బయటే ఉంది, చూపుడువేలు గాలిలో ఏదో రాస్తోంది. గంట కొట్టారు. ఆయన నా పక్క నుంచే పోతూ, యాడి దాకా చెప్పినావప్పా అని అడిగి, జవాబు విని, తరగతిలోకి వెళ్ళిపోయాడు.